పదిహేనేళ్లు నడిచే ఇంజన్ ఏది?

ప్రశ్న: నేను తాడేపల్లిగూడెంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. 2012లో కొన్న మా చిన్న పెట్రోలు కారు లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంతవరకు ఇంజన్ విప్పలేదు. ఇప్పుడు కొత్త కారు కొని, దాన్ని కూడా పదిహేనేళ్లు వాడాలని నా కోరిక. బడి ఇంటికి అయిదు కిలోమీటర్లు. రెండు నెలలకొకసారి హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్తాం. మొత్తం కలిపి ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు దాటదు. మా తమ్ముడు టర్బో పెట్రోలు కొనమంటున్నాడు. మా వారికి డీజిల్ మీద మక్కువ. షోరూములో హైబ్రిడ్ చూపించి 27 కిలోమీటర్ల మైలేజీ అంటున్నారు కానీ, మామూలు పెట్రోలు కారు కంటే అది మూడు లక్షలు ఎక్కువ. మా మెకానిక్ మాత్రం, "ఇప్పటి ఇంజన్లు అయిదేళ్లకు మించి నిలవవు మేడం, మైలేజీ కోసం అన్నీ సున్నితం చేసేశారు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? పాత కారును మా అబ్బాయికి డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఉంచుదామంటే, ఇప్పుడు వస్తున్న ఇథనాల్ పెట్రోలుతో పాడవుతుందేమోనని భయంగా ఉంది.

సమాధానం:

టీచరు గారికి నమస్కారం. జవాబు ముందు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. టర్బో లేని మామూలు ఎంపీఎఫ్ఐ పెట్రోలు ఇంజన్ (పెట్రోలును సిలిండర్ బయట, గాలి వెళ్లే దారిలో చిమ్మే రకం) ఉన్న కారు తీసుకోండి. మారుతి 1.2, 1.5 లీటర్ల కె-సిరీస్, హ్యుందాయ్ 1.2 కప్పా, 1.5 ఎంపీఐ, హోండా 1.2, 1.5 ఐ-వీటెక్ ఇంజన్లన్నీ ఈ కోవలోవే. డబ్బుకు వెనకాడే పని లేకపోతే, పెట్రోలు ఇంజన్‌కు తోడు బ్యాటరీ, మోటార్లు కూడా ఉండే హైబ్రిడ్ కూడా మంచిదే. టర్బో, డీజిల్ చెడ్డవి కావు. కానీ ఆ అయిదు కిలోమీటర్ల బడి దారికి అవి సరిపోవు.

ఇక మీ మెకానిక్ మాట. అందులో సగం నిజం. తప్పయిన సగం ముందు చూద్దాం. పాత ఇంజన్లు గట్టివన్న మాట మనం తరచుగా వింటాం. కార్బురేటర్ కాలం గుర్తున్నవాళ్లను అడిగి చూడండి. నలభై, యాభై వేల కిలోమీటర్లకే హెడ్ దించి మసి గీకించడం, లక్ష దాటకుండానే రింగులు మార్పించడం, బోరు చేయించడం అప్పట్లో మామూలు. చాలా కార్లలో మీటరుకు అయిదంకెలే ఉండేవి. లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. లక్షా నలభై వేలు తిరిగినా విప్పాల్సిన అవసరం రాని మీ 2012 కారు పాతకాలం ఇంజన్ కాదు. కచ్చితంగా కోసిన లోహం, కంప్యూటర్ కొలిచి పోసే ఇంధనం, మంచి ఆయిల్, ఈ మూడూ కలిసిన తరం అది. లోహం విషయంలో ఇప్పటి ఇంజన్లు దానికి తీసిపోవు.

నిజమైన సగం ఇది. ఇంజన్ చుట్టూ చేరిన భాగాలు ఎక్కువయ్యాయి. అవి ఎందుకు చేరాయో కూడా తెలుసుకోవాలి. మన దేశంలో ప్రతి కంపెనీ తాను అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్‌ను 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాములకు, 2022-23 నుంచి 113 గ్రాములకు తగ్గించాలన్న నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాయి. ఆ గ్రాములు తగ్గించడానికే చిన్న ఇంజన్‌కు టర్బో పెట్టారు, ఆయిల్‌ను పలుచన చేశారు, సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగేలా చేశారు. ఇవి మన ఊపిరికి మేలు చేసే నిబంధనలు. నేను వాటిని తప్పుపట్టను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ ఏర్పాట్లలో ఒక్కోటి ఒక్కో రకం వాడకాన్ని కోరుతుంది. అమ్మేచోట ఆ మాట ఎవరూ చెప్పరు. రోజుకు ఎంత దూరం నడుపుతారని అడగకుండానే రంగు ఏది కావాలని అడుగుతారు. ఈ విషయంలో నాకు నిజంగానే కోపం ఉంది.

మీ తమ్ముడు చెప్పిన టర్బో పెట్రోలు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి చూపూ దాని మీదే ఉంది. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం, ఇంజన్‌లోకి గాలిని బలంగా నెడుతుంది. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని తాకే పొగ వేడి 900 డిగ్రీలు దాటగలదు. ఆ చక్రం ఇరుసును కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే. ఇంజన్‌కు అదే ఆయిల్, టర్బోకూ అదే ఆయిల్. కాబట్టి ఆయిల్ మార్చడంలో బద్ధకాన్ని మామూలు ఇంజన్ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, టర్బో ఓర్చుకోదు. హైవే మీద గట్టిగా నడిపి వచ్చి, దాబా దగ్గర ఆపిన మరుక్షణం తాళం తిప్పేస్తే, కదలని ఆయిల్ ఆ వేడికి అక్కడే మాడుతుంది. అర నిమిషమో నిమిషమో ఇంజన్‌ను ఊరికే తిరగనిచ్చి ఆపాలి.

ఈ టర్బో ఇంజన్లలో చాలావాటికి పెట్రోలును నేరుగా సిలిండర్ లోపలికే, 200 నుంచి 350 బార్ల ఒత్తిడితో చిమ్మే పద్ధతి ఉంటుంది. మామూలు ఇంజన్‌లో ఆ ఒత్తిడి మూడు నాలుగు బార్లే. నేరుగా చిమ్మితే ఇంధనం బాగా కలిసి ఆదా అవుతుంది, నిజమే. కానీ ఎంపీఎఫ్ఐలో గాలి లోపలికి వెళ్లే వాల్వుల మీద పెట్రోలు పడుతూ, ప్రతి క్షణం వాటిని కడుగుతూ ఉంటుంది. నేరుగా చిమ్మే పద్ధతిలో ఆ కడుగుడు లేదు. ఇంజన్ లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వుల మీద చేరి, కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగులా మసి కడుతుంది. కొన్నేళ్లకు పికప్ తగ్గి, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ వణుకుతుంది. ట్యాంకులో పోసే ఏ మందూ ఆ వాల్వుల దాకా పోదు. విప్పి, అక్రోటు చిప్పల పొడిని గాలితో చిమ్మి శుభ్రం చేయాలి. తక్కువ దూరాలు, చల్లారిన ఇంజన్, మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయడం అంటే ఆ మసికి పండగే. మీ బడి దారి అచ్చంగా అలాంటిదే. ఈ చిక్కు తెలిసే టయోటా తన కొన్ని ఇంజన్లలో రెండు రకాల ఇంజెక్టర్లనూ పెట్టింది. ఒకటి ఆదాకు, ఇంకొకటి కడగడానికి కూడా పనికొస్తుంది.

ఒకవేళ తమ్ముడి మాట తీసేయలేక టర్బోనే కొంటే ఇంకొక్క జాగ్రత్త. ఇలాంటి ఇంజన్లలో తక్కువ వేగంలో, పై గేరులో ఉండి ఒక్కసారిగా యాక్సిలరేటర్ అదిమితే, స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. ఆ దెబ్బ పిస్టన్ మీద పడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించి ఎక్కండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉండాలి. 2020లో వచ్చిన ఆ ప్రమాణం తీర్చే పనుల్లో ఈ ముందస్తు మంటను అడ్డుకోవడం ఒకటి.

ఒక ఇంజన్ కథ చెబుతాను. ఫోర్డ్ 1.0 లీటరు ఎకోబూస్ట్ 2012, 2013, 2014లో వరుసగా మూడేళ్లు ప్రపంచ ఉత్తమ ఇంజన్ పురస్కారం పొందింది. మన దగ్గర ఎకోస్పోర్ట్ కారులో వచ్చింది. రాపిడి తగ్గి మైలేజీ పెరగాలని అందులో టైమింగ్ బెల్టును (వాల్వులను సరైన క్షణంలో తెరిపించి మూయించే పట్టీని) ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగేలా పెట్టారు. ఆయిల్ సమయానికి మార్చకపోయినా, తప్పు రకం పోసినా ఆ బెల్టు పొట్టులా రాలుతుంది. ఆ పొట్టు ఆయిల్ పంపు జాలీని మూసేస్తుంది. ఆయిల్ అందని ఇంజన్ ఎంతసేపు బతుకుతుంది? ఆయిల్ పంపును తిప్పే ఇలాంటి బెల్టు దగ్గర వచ్చిన లోపానికే 2023 చివర్లో అమెరికాలో లక్షకు పైగా ఫోర్డ్ కార్లను వెనక్కి పిలిచారు. అవార్డు ఇచ్చేవారు కొత్త ఇంజన్‌ను చూస్తారు, మీరు చూడాల్సింది పన్నెండో ఏటి ఇంజన్‌ను. అందుకే షోరూములో అడగాల్సిన మొదటి ప్రశ్న: టైమింగ్ చైన్ ఉందా, బెల్టు ఉందా? బెల్టయితే పొడిదా, ఆయిల్‌లో తిరిగేదా? నేను పైన చెప్పిన మామూలు పెట్రోలు ఇంజన్లలో చైన్లే ఉంటాయి.

మీ వారికి నా మాటగా చెప్పండి. డీజిల్ ఇంజన్ మీద ఆయన మక్కువలో తప్పు లేదు. రోజూ ఏలూరు, విజయవాడ తిరిగేవారైతే నేనూ డీజిలే కొనమనేవాణ్ని. బీఎస్-6 డీజిల్ కారు సైలెన్సర్ దారిలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. అందులో చేరిన మసిని కారు తనంతట తానే దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకోవాలి. దానికి అరవై కిలోమీటర్ల వేగం తగ్గకుండా ఇరవై నిమిషాలైనా నడవాలి. మీ బడి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. శుద్ధి మొదలవుతుంది, మీరు తాళం తీసేస్తారు, అది సగంలో ఆగుతుంది. కాల్చడానికని అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత కిందకు జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. చాలామంది అది చూసి సంతోషిస్తారు. నిజానికి అది పలుచబడ్డ, పని చేయని ఆయిల్. నాకు తెలిసిన ఒక డాక్టరు గారు ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి పెద్ద డీజిల్ బండిలో వెళ్లేవారు. రెండేళ్లు తిరక్కుండా ఆ జల్లెడ పూడిపోయింది. వారంటీలో రాదన్నారు, తప్పు వాడకానిదే అన్నారు. అమ్మేటప్పుడు ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

హైబ్రిడ్ విషయంలో మాత్రం మీ మెకానిక్ భయం తీర్చాలి. చూడటానికి అన్నిటికంటే జటిలమైన యంత్రం అదే. అయినా 1997లో జపాన్‌లో మొదటి ప్రియస్ వచ్చినప్పటి నుంచి ఆ పద్ధతికి మంచి పేరే ఉంది. కారణం తేలికగా అర్థమవుతుంది. టయోటా పద్ధతి హైబ్రిడ్‌లో టర్బో లేదు, క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. గేర్‌బాక్సు అని పిలిచేది నిజానికి రెండు మోటార్లనూ ఇంజన్‌నూ కలిపే ఒక పళ్ల చక్రాల అమరిక. తెగిపోయే బెల్టులు, అరిగిపోయే పలకలు అందులో లేవు. కారు ఆగేటప్పుడు మోటార్లే కరెంటు తీసుకుంటూ నిలువరిస్తాయి కాబట్టి బ్రేకు ప్యాడ్లు కూడా చాలాకాలం వస్తాయి. గ్రాండ్ విటారా, హైరైడర్ కార్లలో ఉన్నది ఇదే. మన దేశంలో దాని బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. ఒక్కటి మరవకండి. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు దగ్గరి జాలీ లోంచి వెళ్తుంది. అక్కడ బియ్యం బస్తా, సంచులు అడ్డం పెట్టకూడదు. మన దుమ్ముకు ఆ జాలీని ప్రతి సర్వీసులో శుభ్రం చేయించాలి.

మరి మొదటి సలహాగా అదే ఎందుకు చెప్పలేదంటే, లెక్క కుదరడం లేదు. షోరూము వారు చెప్పిన 27 పరీక్షశాలలో తేలిన అంకె. రోడ్డు మీద 22 అనుకుందాం. మామూలు పెట్రోలు కారుకు 16 అనుకుందాం. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లకు మామూలు కారు 500 లీటర్లు తాగుతుంది, హైబ్రిడ్ 364. తేడా 136 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున ఏడాదికి సుమారు 15,000 మిగులుతుంది. మీరు అదనంగా పెట్టే మూడు లక్షలు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. మీరు వాడాలనుకున్నదేమో పదిహేనేళ్లు. రోజుకు అరవై, డెబ్భై కిలోమీటర్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగేవారికి ఇదే లెక్క తిరగబడుతుంది. నిశ్శబ్దంగా సాగే ప్రయాణం మీకు నచ్చి, దానికోసం ఆ డబ్బు పెడతానంటే అది మీ ఇష్టం. అప్పుడు హైబ్రిడ్ మిమ్మల్ని నిరాశపరచదు.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపే ఏర్పాటుకు భయపడక్కర్లేదు. దానికి తగ్గట్టు గట్టి స్టార్టర్, ప్రత్యేకమైన బ్యాటరీ ఇస్తారు. నాలుగైదేళ్లకు బ్యాటరీ మార్చేటప్పుడు మాత్రం, చవకని మామూలు బ్యాటరీ పెట్టనివ్వకండి.  గేర్లు దానంతటదే మార్చుకునే ఆటోమేటిక్ కావాలంటే సీవీటీ కానీ టార్క్ కన్వర్టర్ కానీ, ఈ రెండు రకాల గేర్‌బాక్సుల్లో ఒకటి ఉన్నది తీసుకోండి. 'జీవితకాలం మార్చనక్కర్లేదు' అని చెప్పినా ఆ గేర్‌బాక్సు ఆయిల్‌ను అరవై వేలకోసారి మార్పించండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరకు వచ్చాను. మామూలు ఇంజన్ కొన్నంత మాత్రాన మీ కారు పదిహేనేళ్లు రాదు. అయిదు కిలోమీటర్ల ప్రయాణం దానికీ కష్టమే. డాష్‌బోర్డు మీద వేడి ముల్లు మధ్యకు వచ్చిందంటే నీళ్లు వేడెక్కినట్టు. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలాసేపు పడుతుంది. ఇంజన్ లోపల పుట్టే నీటి ఆవిరి, గోడల వెంట జారే పెట్రోలు ఆ లోగా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అందుకే సర్వీసు పుస్తకంలో 'పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది' అని రాసినా, అదే పుస్తకంలో కఠిన వాడకానికి వేరే పట్టిక ఉంటుంది, వెతికి చూడండి. దుమ్ము, ట్రాఫిక్, తక్కువ దూరాలు అన్నీ అందులోకే వస్తాయి. మీరు ఆ పట్టిక ప్రకారం నడిచేవారు. కిలోమీటర్లు ఎన్ని తిరిగినా ఆరు నెలలకోసారి ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్పించండి. ఏడాదికి అదనంగా అయ్యే ఆ మూడు నాలుగు వేల రూపాయల కంటే ఇంజన్‌కు మంచి బీమా లేదు.

ఆయిల్ ఎంత పలుచగా ఉండాలన్నది మెకానిక్ ఇష్టానికి వదిలేయకూడదు, మీ పుస్తకంలో రాసిన పరిధిలోనే ఉండాలి. ఇప్పటి కార్లకు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పలుచని ఆయిల్ రాస్తున్నారు. కొంత మైలేజీ అక్కడినుంచే వస్తుంది. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ అమెరికాలో దాదాపు ఆరు లక్షల పెద్ద బండ్లను వెనక్కి పిలిచింది. వాటి 6.2 లీటర్ల ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో లోపం బయటపడింది. పరీక్షలో బాగానే ఉన్నాయని తేలిన ఇంజన్లలో కూడా 0డబ్ల్యూ-20 తీసేసి, అంతకంటే చిక్కనైన 0డబ్ల్యూ-40 పోసి పంపారు. మన్నిక మీద అనుమానం వచ్చిన చోట కంపెనీయే కొంత మైలేజీని వదులుకుందన్నమాట. దీన్ని చూసి మీరు సొంతంగా చిక్కని ఆయిల్ పోయించవద్దు. చాలా పుస్తకాల్లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు రకాలను అనుమతిస్తారు. మీ పుస్తకం అనుమతిస్తే, మన ఎండలకు అందులో చిక్కనిది ఎంచుకోవచ్చు. బిల్లు మీద ఆయిల్ రకం రాయించుకోండి. బడిలో హాజరు పట్టీ ఉంచినంత శ్రద్ధగా ఆ బిల్లులు దాచండి, వారంటీ వాదన వస్తే మీ పక్షాన మాట్లాడేవి అవే.

వారానికి ఒకసారి, ఆదివారమైతే మరీ మంచిది, తణుకు దాకానో నిడదవోలు దాకానో ఒక అరగంట ఆగకుండా నడిపి రండి. ఆయిల్ పూర్తిగా వేడెక్కి, అందులో చేరిన తేమ ఎగిరిపోతుంది.

చివరగా పాత కారు. ఉంచండి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందుకే 20 శాతం కలిపితే మైలేజీ కొంత తగ్గుతుంది. ఇలాంటి పాత కార్లకు ఆ తగ్గుదల ఆరేడు శాతం ఉండవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. ఇంజన్ ఒక్కసారిగా పాడైపోదు. దెబ్బ తినేది రబ్బరు. పాత వాహనాల్లో ఇరవై, ముప్ఫై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025లో చెప్పింది. మీ మెకానిక్‌తో పెట్రోలు పైపులు, ఇంజెక్టర్ల రబ్బరు రింగులు, ట్యాంకు మూత వాషరు ఇప్పుడే మార్పించండి. పెద్ద ఖర్చు కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, బండిని నెలల తరబడి కదపకుండా సగం ఖాళీ ట్యాంకుతో వదిలేయకండి. అబ్బాయి వారానికి రెండు సార్లు నడిపితే చాలు. బానెట్ దగ్గర పెట్రోలు వాసన వచ్చిందంటే మాత్రం ఆ రోజు బండి తీయవద్దని అతనికి గట్టిగా చెప్పండి. 2012 కారు కనుక 2027లో ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఆ పైపుల పని అంతకుముందే ముగించుకుంటే ఒకే ఖర్చుతో రెండూ తీరతాయి.